అక్షౌహిణి నుంచి రాయచూరు వరకు: యుద్ధవర్ణనల్లో సైన్యసంఖ్య, మృతుల లెక్క

తెలుగులో యుద్ధచరిత్రను ప్రస్తావించే రచనల్లో రెండు అలవాట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇతిహాసంలోని సంఖ్యను అతిశయోక్తి అనే ఒక్క మాటతో తోసిపుచ్చడం ఒకటి. విదేశీ యాత్రికుడు రాసిన సంఖ్యను, అది ఎంత పెద్దదైనా, ప్రత్యక్షసాక్ష్యంగా ఉదాహరించడం మరొకటి. కురుక్షేత్రంలో పద్దెనిమిది అక్షౌహిణులు పోరాడాయంటే కావ్యధర్మమని సరిపెట్టుకునే పాఠకుడే, 1520 నాటి రాయచూరు యుద్ధానికి శ్రీకృష్ణదేవరాయల వెంట 7,03,000 కాల్బలం నడిచిందన్న వాక్యాన్ని చరిత్రగా స్వీకరిస్తాడు. సంఖ్య నిజమా, కాదా అనే ప్రశ్నకు ముందు, అది ఏ అవసరం కోసం ఏ లెక్కలోంచి పుట్టిందన్న ప్రశ్న వేయవలసి ఉంది. అలా అడిగినప్పుడు ఇతిహాసం, యాత్రాకథనం రెండూ వేరుగా కనిపిస్తాయి.

అక్షౌహిణి నిర్మాణం

ఆదిపర్వంలోని పర్వసంగ్రహంలో సూతుడు మునులకు అక్షౌహిణి లెక్క వివరిస్తాడు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంట్లు కలిస్తే పత్తి. మూడు పత్తులు సేనాముఖం. అక్కడి నుంచి మూడేసి రెట్లుగా గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని. పది అనీకినులు ఒక అక్షౌహిణి. అమరకోశం చదివినవారికి ఈ వరుస పరిచితమే. ఫలితం 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం, మొత్తం 2,18,700. వీటిలో ఏ సంఖ్య అంకెలను కూడినా పద్దెనిమిదే వస్తుంది. పద్దెనిమిది పర్వాలు, పద్దెనిమిది రోజులు, పద్దెనిమిది అక్షౌహిణులు ఉన్న గ్రంథంలో దీన్ని మహిమగా చెప్పుకోవడం పరిపాటి. గణితపరంగా ఇందులో వింత తక్కువ. మూడును పదేపదే గుణించగా వచ్చిన సంఖ్య తొమ్మిదికి గుణిజం కాక తప్పదు, దాని అంకెల మొత్తమూ తొమ్మిదికి గుణిజమే అవుతుంది. గమనించవలసింది వేరే ఉంది. ఈ సంఖ్య పాళెంలో తలలు లెక్కించగా వచ్చినది కాదు, ఒక సూత్రం నుంచి పైకి కట్టుకుంటూ వచ్చినది.

జర్మన్ చరిత్రకారుడు హాన్స్ డెల్‌బ్రూక్, హెరోడోటస్ చెప్పిన పారశీక సైన్యాన్ని దారి పొడవుతో కొలిచాడు. 26 లక్షలకు పైబడిన యోధులు, అంతే సంఖ్యలో పరిచారకులు ఒకే బాటన నడిస్తే, ముందువరుస థర్మోపిలే చేరేనాటికి చివరివరుస ఇంకా సూసా నగరం దాటుతూ ఉండేదని అతని వాదం. ఈ కొలతను కౌరవసేనకు అన్వయించవచ్చు. పదకొండు అక్షౌహిణుల్లో 2,40,570 ఏనుగులు. రెండేసి చొప్పున, జంటకు ఐదు మీటర్ల చోటిచ్చి నడిపితే ఏనుగుల వరుసే సుమారు 600 కిలోమీటర్లు. హస్తినాపురం నుంచి కురుక్షేత్రానికి నేరుగా కొలిస్తే నూటయాభై కిలోమీటర్లు కూడా లేవు. ఉభయసేనల 3,93,660 ఏనుగులకు తలా 150 కిలోల మేత అనుకుంటే రోజుకు దాదాపు 59 వేల టన్నుల పచ్చిమేత కావాలి. నేటి భారతదేశంలోని అడవి ఏనుగులన్నీ కలిసి ముప్పై వేలకు మించవు.

అయితే ఈ గుణింతంతో పని ముగిసినట్లు భావించడం తొందరపాటు. ఉద్యోగపర్వంలో సేనలు చేరే ఘట్టం చూస్తే అక్షౌహిణి అసలు వాడుక బయటపడుతుంది. సాత్యకి ఒక అక్షౌహిణితో వస్తాడు. చేది రాజు ధృష్టకేతువు ఒకటి, మగధ రాజు జయత్సేనుడు ఒకటి తెస్తారు. అవతలి పక్షాన భగదత్తుడు, శల్యుడు, భూరిశ్రవసుడు, కాంభోజ సుదక్షిణుడు, కృతవర్మ తలా ఒకటి. విశాలమైన మగధకూ, యాదవుల్లోని ఒక్క వీరుడికీ అదే కొలత. సాత్యకి, కృతవర్మ ఇద్దరూ ద్వారక వైపువారే కనుక, ఆ ఒక్క కులం నుంచే 4,37,400 సేనాంగాలు వచ్చినట్లవుతుంది. ఇక్కడ అక్షౌహిణి జనసంఖ్యను సూచించడం లేదు. కూటమిలో స్వతంత్రంగా కూర్చోదగిన రాజు హోదాను సూచిస్తోంది. ఏడు, పదకొండు అనే సంఖ్యలను రాజకీయ పొత్తుల లెక్కగా చదివితే అవి అర్థవంతంగానే ఉంటాయి.

చచ్చినవారు వచ్చినవారికంటే ఎక్కువ

స్త్రీపర్వంలో ధృతరాష్ట్రుడు యుద్ధంలో మరణించినవారి సంఖ్య అడుగుతాడు. ధర్మరాజు చెప్పిన లెక్క 166 కోట్ల 20 వేలు. కానరాని వీరులు మరో 24,165 మంది. ఈ రెండవ మాటను కొందరు అనువాదకులు గల్లంతైనవారిగా, కొందరు తప్పించుకున్నవారిగా గ్రహించారు. పద్దెనిమిది అక్షౌహిణుల మొత్తం 39,36,600 మాత్రమే. రథికులనూ సారథులనూ మావటీలనూ విడివిడిగా చేర్చినా మృతుల సంఖ్య సేనకు కొన్ని వందల రెట్లు మిగిలిపోతుంది. సౌప్తికపర్వం చివర మిగిలినవారిని పాండవపక్షాన ఏడుగురు, కౌరవపక్షాన ముగ్గురు అని అదే గ్రంథం చెప్పింది.

ఒకే గ్రంథంలో మూడు పొంతన లేని లెక్కలు ఉండడం ప్రక్షిప్తవాదానికి అనువైన సందర్భమే. కానీ ఆ సంఖ్య ఎక్కడ వస్తుందో చూడాలి. రోమశుని అనుగ్రహం వల్ల కలిగిన దివ్యదృష్టితో ధర్మరాజు ఈ లెక్క చెబుతాడు. వెంటనే మృతులు పొందిన గతుల ప్రసక్తి, ఆపైన దహనసంస్కారాలు వస్తాయి. పర్వసంగ్రహంలోని సంఖ్య సేన నిర్మాణానికి సంబంధించినది, స్త్రీపర్వంలోనిది శోకానికి సంబంధించినది. ఒకదాన్ని మరొకదానితో భాగించి మరణాల శాతం తీయడం అర్థం లేని పని.

కల్పిత యుద్ధాలన్నీ ఇంత భారీగా ఉండాలన్న నియమం లేదు. 1916లో సొమ్ యుద్ధంలో పనిచేసిన టోల్కీన్, తన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో ముట్టడిలో ఉన్న నగరానికి దక్షిణ సీమల నుంచి వచ్చిన సాయం మూడు వేలకు లోపేనని, రోహన్ రౌతులు ఆరు వేలని రాశాడు. శత్రుసేనను మాత్రం అంతగా లెక్కించలేదు. స్వపక్షాన్ని లెక్కించి పరపక్షాన్ని చీకట్లో వదలడం కథకు భయాన్నిస్తుంది. భారతకథలో ఉభయులూ స్వజనమే కనుక రెండు వైపులా లెక్క ఉంది.

న్యూనిజ్ పట్టిక

చరిత్ర వైపు వచ్చినా గుండ్రని సంఖ్యల బెడద తప్పదు. ఆంధ్రులకు ముప్పై ప్రాకారనగరాలు, లక్ష కాల్బలం, రెండు వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయన్న ప్లినీ వాక్యం మన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. అందులో ఒక్క సంఖ్య కూడా లెక్కించినట్లు కనిపించదు.

న్యూనిజ్ ఇచ్చిన పట్టిక ఇంతకంటే సంక్లిష్టమైనది. రాబర్ట్ సీవెల్ 1900లో ప్రకటించిన ఆంగ్లానువాదం ద్వారా అది ప్రచారంలోకి వచ్చింది. నాయకుల వారీగా సేనలు పేర్కొన్న ఆ పట్టిక మొత్తం 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు. అడపనాయకుడి కింద లక్షమంది, 5,000 గుర్రాలు, 50 ఏనుగులు. కొండమరాజు కింద 1,20,000 మంది, 6,000 గుర్రాలు, 60 ఏనుగులు. రెండు చోట్లా గుర్రానికి ఇరవై మంది, ఏనుగుకు వంద గుర్రాలు. రణరంగానికి నడిచివచ్చిన రెండు దళాల్లో నిష్పత్తి ఇంత కచ్చితంగా కుదరడం అరుదు. ఇది విధించిన కోటాకు ఉండే లక్షణం.

న్యూనిజే మరోచోట, నాయకులు రాజుకోసం ఆరు లక్షల సైనికులను, 24,000 గుర్రాలను పోషించవలసి ఉండేదని రాశాడు. రాయచూరు పట్టికలోంచి రాయల సొంత బలగం 40,000 మందిని, 6,000 గుర్రాలను తీసివేస్తే మిగిలేది 6,63,000 మంది, 26,600 గుర్రాలు. రెండు లెక్కలూ ఇంత దగ్గరగా ఉన్నాయంటే, యుద్ధానికి వచ్చిన సేనగా చెలామణి అవుతున్నది చాలావరకు అమరనాయకుల బాధ్యతల చిట్టా అని భావించడానికి బలమైన ఆధారం దొరికినట్లే. చిట్టాలో ఉన్న ప్రతి కాల్బంటూ ఎండాకాలంలో కృష్ణాతీరానికి నడిచాడనడానికి మాత్రం అది ఆధారం కాదు.

ఒకే పట్టికలోని అంగాలన్నిటికీ ఒకే విశ్వసనీయత ఇవ్వనవసరం లేదు. పేస్ విజయనగర సైన్యాన్ని పది లక్షలన్నాడు, న్యూనిజ్ ఏడు లక్షలన్నాడు. తేడా మూడు లక్షలు. గుర్రాల దగ్గరికి వచ్చేసరికి పేస్ 35,000, న్యూనిజ్ 32,600. గుర్రం ఓడలో వచ్చేది, వెలకట్టి కొనేది, చస్తే మళ్లీ కొనవలసినది. రాయలు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలు కొనేవాడని రాసిన న్యూనిజ్ గుర్రాల వర్తకంతో సంబంధం ఉన్నవాడని పండితుల అభిప్రాయం. తన సరుకు లెక్క అతనికి తెలుసు. ఊళ్ల నుంచి వచ్చే కాల్బంట్ల లెక్క ఎవరో చెప్పగా విన్నదే.

దారి పొడవునా సైనికులకు నీళ్లిచ్చేందుకు 12,000 మంది తోలుతిత్తులతో నిలిచారని కూడా అతడు చెప్పాడు. తిత్తికి నలభై లీటర్లు పట్టిందనుకున్నా, ఏడు లక్షల మందికి ఒక విడతలో తలకు ముప్పావు లీటరు అందదు; గుర్రాల దాహం ఇందులో చేరలేదు. సేన ఇందులో మూడోవంతే అనుకుంటే ఒక్కొక్కరికి రెండు లీటర్లు అందుతాయి, ఏర్పాటుకు అర్థం కనిపిస్తుంది.

రాయచూరులో రాయల పక్షాన మరణించినవారు పదహారు వేలకు పైచిలుకని న్యూనిజ్ లెక్క. 7,03,000తో పోల్చితే ఇది రెండుంపావు శాతం. ముందువరుస విరిగి, తరుమబడి, రాయలే స్వయంగా ముందుకు ఉరకవలసి వచ్చిందని వర్ణించిన యుద్ధానికి ఈ శాతం చాలా స్వల్పం. అలాగని పదహారు వేలను పెంచవలసిన పని లేదు. తప్పు ఉన్నది భాజకంలో. ఇదే జాగ్రత్త 1565 నాటి రాక్షసి తంగడికీ అవసరం. విజయనగరపక్షాన లక్షకు పైగా హతులయ్యారని ఫెరిష్తా రాశాడు. యుద్ధభూమిలో పడినవారిని, ఆ తర్వాత తరుముతూ చంపినవారిని అతడు ఒకే మొత్తంలో చేర్చాడు. ఆ లక్షను అక్కడ నిలిచి పోరాడిన సేనతో భాగించి మరణశాతం చెప్పే ముందు ఈ రెండు భాగాలనూ విడదీయవలసి ఉంటుంది.