కోనసముద్రపు ఉక్కు – ఆరిన కొలిమి

గోదావరి, మంజీర, హరిద్రలు కలియు మన కందకుర్తి ప్రసిద్ధి నీటివలన కలిగినది. మన జిల్లాలోనే తూర్పుదిక్కున, కమ్మరపల్లి చెంతనున్న కోనసముద్రమను గ్రామమునకు నిప్పువలన ప్రసిద్ధి కలిగినది. రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమై ఏదేని వ్రాయుమని కార్యవర్గమువారు కోరగా, రాజుల కథలు విడిచి ఆ కొలుములవారి కథ వ్రాయ సాహసించుచున్నాను.

ఉక్కు అను మన మాటయే ఐరోపావారి నోట 'వూట్జు' అయినదని పెద్దలు చెప్పుదురు. 1795లో జార్జి పియర్సన్ అను వైద్యుడు లండను రాయల్ సొసైటీలో దీనిని గూర్చి వ్యాసము చదివెను. 1820 ప్రాంతమున ఫెరడే పండితుడు దీని గుట్టు తెలిసికొన పరిశోధనలు సాగించెను. డమాస్కసు ఖడ్గములని లోకము కొనియాడిన కత్తులకు దక్షిణదేశపు ఉక్కు మూలద్రవ్యమై యుండెను.

త్రికోణమితి సర్వేలో వైద్యుడుగను భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయిసీ కోనసముద్రపు పనిని గూర్చి వ్రాసినది, ఆయన మరణించిన పిమ్మట, 1832లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. రెండు తావుల ఇనుమును పాలు తప్పక తూచి, మట్టిమూసలో పెట్టి, మూత బిగించి, దినమంత కాలము కాల్చెడివారు. చల్లారిన పిమ్మట వచ్చిన బిళ్లకు మట్టి పూసి మరల కాచి మెత్తబరచెడివారు. ఒక్కమారు కాదు, మూడు నాలుగు మారులు. ఇస్ఫహాను నుండి వచ్చిన హాజీ హుసేను అను వర్తకుడు కొలిమికడ నిలిచి తూకమును, సరుకును స్వయముగా పరీక్షించుకొనెడివాడట! పారసీక దేశమున ఇట్టి ఉక్కు చేయ యత్నించి విఫలులైరని ఆయనయే చెప్పెనట.

లెక్కలు వ్రాయువానికి ఇచట ఒక సంగతి తోచును. ఈ పనిలో ఖర్చంతయు బొగ్గులోను కాలములోను ఉన్నది. ధర తగ్గింపవలెనన్న ఈ రెండింటినే తగ్గింపవలెను. కాని ఈ ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర పాళ్ల వరకు ఉండుటచే, నెమ్మదిగా మెత్తబరుపనిచో సుత్తెదెబ్బకు చిట్లును. కావున ఇందు నడిమి త్రోవ లేదు. తుపాకులు ప్రబలి ఖడ్గములకు గిరాకి తగ్గెను. 1856లో బెస్సెమర్ ప్రకటించిన పద్ధతివలన విదేశములందు ఉక్కు టన్నులకొలది అగ్గువకు తయారగుట మొదలయ్యెను. ఆ ధరకు దిగవలెనన్న కాపు మానవలెను; కాపు మానినచో అది కోనసముద్రపు ఉక్కే కాదు. కొలుములు ఆరినవి. 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి చిట్టెపు కుప్పలను, మూసల పెంకులను గుర్తించిరి.

ఈ కథ చదివినప్పుడెల్ల నాకు మా యెరుకలోని కమ్మరి పెద్దయ్య ఒకడు జ్ఞప్తికి వచ్చును. లారీ కమాను ముక్కతో కొడవళ్లు చేసెడివాడు. ముప్పదియేండ్ల క్రిందట ఒక వ్యాపారి వచ్చి, మెత్తని పట్టీతో సగము ధరకు వందలకొలది కావలెననెను. అప్పులున్నవి, ఒప్పుకొనుమని నేనే చెప్పితిని. ఆయన లెక్కలు నేనే వ్రాయుచుంటిని గదా!

"పంతులూ, కొడవలి మీద నా పేరుండదు గాని, విరిగితే తిట్టు నాకే తగుల్తది" అనెను.

రెండేండ్లకు కొలిమి మూసెను. కొడుకు బోధనులో వెల్డింగు పనికి కుదిరెను. ఆ సంవత్సరము నేను నష్టమని వ్రాసితిని. అంకెల ప్రకారము నేటికిని అది నష్టమే. ఆ యింటివారు పడిన కష్టమును తక్కువ చేసి చెప్పజాలను. కాని కోతయంత్రములు వచ్చిన ఈ దినములలోను మా గట్టుగడ్డి ఆయన కొడవలితోనే కోయుచున్నాము. నాటి నా సలహా విని యుండినచో ఆ కొడవళ్లకు మారుగా ఏమి మిగిలెడిదో నేడు తెలియుచున్నది.

చదువరులారా! ఈ సంచిక చదివిన బాలురను ఒకమారు కోనసముద్రమునకు తోడుకొనిపొండు. ఒక మూసపెంకును చేతికిచ్చి, దీనిలో కాచినవారు మన జిల్లావారేయని చెప్పుడు.