ఫ్లాపీ నుంచి పెన్‌డ్రైవ్ దాకా: ఆపరేటింగ్ సిస్టమ్ పునఃస్థాపన చరిత్ర

1. ఉపోద్ఘాతం

శ్రీశైలం జలాశయం నిర్మించినప్పుడు ముంపు ప్రాంతంలోని కొన్ని ప్రాచీన ఆలయాలను విప్పి, ఎత్తైన స్థలాలలో తిరిగి నిర్మించారు. కొల్లాపూర్ సమీపంలోని సోమశిల, జటప్రోలు ఆలయాలు ఇందుకు ఉదాహరణలు. అయితే తరలించినవి మాత్రమే మిగిలాయి. తరలించనివి నీట మునిగాయి. పాత ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్ళీ స్థాపించే విద్యార్థి కూడా ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఆ పని ఇంత సులభం కావడానికి పట్టిన మూడు దశాబ్దాల చరిత్రను ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. ఫ్లాపీలు, సీడీల కాలం

కంప్యూటర్ యంత్రం వేరు, దానిని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ వేరు. అందువల్ల రెండవ దానిని తొలగించి మళ్ళీ స్థాపించవచ్చు. 1995లో వచ్చిన విండోస్ 95 ఫ్లాపీలపై 13 డిస్కులుగా లభించేది. వాటిని వరుసగా మార్చుతూ పోవాలి. ఒక్కటి పాడైనా పని ఆగిపోయేది. సుమారు 700 మెగాబైట్లు పట్టే సీడీ ఈ ఇబ్బందిని తొలగించింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ ఒకే సీడీలో ఇమిడింది.

1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను ప్రకటించాడు. దానిపై ఆధారపడిన ఉబుంటు 2004లో వెలువడింది. ఇంటర్నెట్ వేగం తక్కువగా ఉన్న ఆ రోజులలో దాని సీడీలను కోరినవారికి ఉచితంగా తపాలాలో పంపేవారు. మీ పాఠ్యపుస్తకాలు తపాలాలో అందినట్లే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అందేదన్నమాట. ఈ పద్ధతి 2011లో ముగిసింది.

3. పెన్‌డ్రైవ్ రాక

పెన్‌డ్రైవ్‌లు 2000లో మార్కెట్‌లోకి వచ్చాయి. తొలినాళ్ళ డ్రైవ్‌లలో కొన్నింటి సామర్థ్యం 8 మెగాబైట్లు మాత్రమే. సామర్థ్యం గిగాబైట్లకు పెరగడం ఒక కారణం కాగా, 2007 తరువాత సీడీ డ్రైవ్ లేని చిన్న ల్యాప్‌టాప్‌లు రావడం మరొక కారణం. ఈ రెండింటి వల్ల పెన్‌డ్రైవ్ స్థాపన సాధనంగా మారింది. 2009లో విండోస్ 7ను పెన్‌డ్రైవ్‌పైకి ఎక్కించే సాధనాన్ని మైక్రోసాఫ్టే విడుదల చేసింది.

ఇది పనిచేసే తీరు సులభమైనదే. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రామ్ ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలో వెతుకుతుంది. ఆ వరుసలో పెన్‌డ్రైవ్‌ను ముందుంచితే స్థాపన కార్యక్రమం దాని నుంచే నడుస్తుంది.

4. తెలుగు తెర

1991లో యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగు లిపికి చోటు దక్కింది. 2005లో హైదరాబాద్ కేంద్రంగా గల స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది. 2007లో కేంద్రప్రభుత్వ సంస్థ సీ-డాక్ భారతీయ భాషల కోసం బాస్ లినక్స్‌ను తెచ్చింది. పాత యంత్రంలో కొత్త వ్యవస్థను స్థాపించే వ్యక్తి తన భాషను కూడా ఎంచుకునే అవకాశం ఇలా ఏర్పడింది.

5. యంత్రం పాతదని ఎవరు నిర్ణయిస్తారు?

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న సాధారణ మద్దతు ముగిసింది. మద్దతు ముగిస్తే యంత్రం ఆగదు. భద్రతా సవరణలు ఆగుతాయి. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం అవసరం. అది లేని ల్యాప్‌టాప్ బాగా పనిచేస్తున్నా పాతదిగా లెక్కకు వస్తుంది. కొత్తది కొనలేని విద్యార్థికి తేలికైన లినక్స్ ఒక దారి. కాబట్టి పునఃస్థాపన కేవలం మరమ్మతు కాదు. వస్తువు ఆయుష్షును నిర్ణయించే హక్కులో కొంత భాగాన్ని యజమాని తిరిగి పొందడం.

అయితే స్థాపన సమయంలో డిస్కును పూర్తిగా తుడిచివేస్తే అందులోని ఫొటోలు, నోట్సు, ధ్రువపత్రాలు పోతాయి. సోమశిల ఆలయాల మాదిరిగానే, ముందుగా తరలించినవే మిగులుతాయి. వాటిని వేరొక డ్రైవ్‌లో భద్రపరచిన తరువాతే పని మొదలుపెట్టాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పెన్‌డ్రైవ్ స్థాపన సాధనంగా మారడానికి గల రెండు కారణాలను తెలపండి.
2. మద్దతు ముగియడానికీ, యంత్రం పాడవడానికీ గల తేడాను వివరించండి.