అఫ్లాటాక్సిన్: యాంటీబాడీలతో విష పరీక్ష

వేరుశనగ, మొక్కజొన్న, మిరప వంటి పంటల్లో బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని యాంటీబాడీల సాయంతో పసిగట్టే పద్ధతులు 1970లలో మొదలయ్యాయి. తెలుగు నేల మీద ఈ చరిత్రలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు, పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు ముఖ్య స్థానముంది.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. దాణాలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ పిండి బూజుపట్టినదని తేలింది. మనదేశంలో ఈ ముప్పు మనుషుల మీదికే వచ్చింది. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులోని గిరిజన పల్లెల్లో, అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిన్నవారికి కామెర్లు వచ్చి, పొట్టలో నీరు చేరింది. ఆ ఇళ్ల కుక్కలూ అలాగే జబ్బుపడ్డాయి. 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. కారణం అఫ్లాటాక్సినేనని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1975లో లాన్సెట్ పత్రికలో వెల్లడించారు.

అప్పటికి ఈ విషాన్ని కొలవాలంటే, పదార్థాలను విడదీసి చూసే క్రొమటోగ్రఫీయే దిక్కు. దానికి ఖరీదైన ద్రావకాలు, తర్ఫీదు పొందిన మనుషులు కావాలి. మరో దారి వైద్యం వైపు నుంచి వచ్చింది. అమెరికా శాస్త్రవేత్తలు రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ 1950ల చివరికల్లా యాంటీబాడీలతో ఇన్సులిన్‌ను కొలిచి చూపారు. 1971లో స్వీడన్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ యాంటీబాడీ పట్టుకున్నదాన్ని ఎంజైము రంగుతో చూపే ఎలైజా పరీక్షను ప్రకటించారు.

విషాల విషయంలో ఒక చిక్కుంది. అఫ్లాటాక్సిన్ అణువు మరీ చిన్నది, దాని ఒక్కదానికే శరీరం యాంటీబాడీలు తయారుచేయదు. అందుకని దాన్ని ఏదైనా పెద్ద ప్రొటీన్‌కు అతికించి కుందేలుకు ఎక్కిస్తారు. పరీక్షలో కూడా లెక్క తిరగబడుతుంది: నమూనాలోని విషం, పలకకు అంటించిన విషం ఒకే యాంటీబాడీ కోసం పోటీపడతాయి. నమూనాలో విషం ఎంత ఎక్కువుంటే రంగు అంత తక్కువ వస్తుంది.

1972లో ఏర్పడిన ఇక్రిశాట్‌లో వేరుశనగ వైరస్‌లను గుర్తించడానికి ఎలైజా వాడుకలో ఉండేది. డి.వి.ఆర్. రెడ్డి తదితర వైరస్ నిపుణుల ఆ అనుభవమే బూజు విషాలకు పనికొచ్చింది. 2000 ప్రాంతంలో మిరపకాయల్లో మరో బూజు విషమైన ఒక్రాటాక్సిన్‌కు, ఆ తర్వాత పాలల్లో అఫ్లాటాక్సిన్ ఎం1కు ఇక్కడే ఎలైజా పరీక్షలు సిద్ధమయ్యాయి. ఇలాంటి ఎలైజా కిట్ల పుణ్యాన ఒక నమూనా పరీక్ష ఖర్చు సుమారు 25 డాలర్ల నుంచి ఒక డాలరుకు దిగింది. వీటి వల్ల మలావీ వేరుశనగ రైతులకు ఐరోపా మార్కెట్ మళ్లీ అందుబాటులోకి వచ్చింది.

అయినా ఎలైజాకు ప్రయోగశాల తప్పదు. యాంటీబాడీ విషాన్ని పట్టుకున్న క్షణాన్ని అక్కడికక్కడే రంగుగానో, విద్యుత్తుగానో చూపే బయోసెన్సర్ అవసరం అందుకే వచ్చింది. ఇక్రిశాట్ 2016లో ప్రకటించిన పట్టీ పరికరం ఆ కోవలోది: 15 నిమిషాల్లోపే ఫలితం, ఖర్చు 2 డాలర్లకు లోపే.

పరీక్ష ఎంత పదునైనా నమూనా తీయడంలోనే అసలు తప్పు దొర్లుతుంది. విషం బస్తా అంతటా సమంగా ఉండదు, కొన్ని గింజల్లోనే పోగుపడుతుంది. పైనుంచి గుప్పెడు తీసి చూసి బస్తా మంచిదనడం కుదరదు. ఉత్తరాంధ్రలోని సాలూరు, పాచిపెంట వైపు కల్లాల్లో మొక్కజొన్నకు వానలో తడిసే బెడద ఉన్నదే. మద్దతు ధర కొనుగోలులో గింజ తేమ 14 శాతం దాటకూడదన్న నియమం ఉంది. ఆ తేమ మీటరు పక్కనే అఫ్లాటాక్సిన్ పట్టీ కూడా ఉండాలి.