పాత తొట్టెల



మన పెద్దవాళ్ళు తొట్టెల అన్నదాన్నే కన్నడిగులు తొట్టిలు అంటారు, తమిళులు తొట్టిల్ అంటారు. ఎక్కడ స్థిరపడినా కొన్ని తెలుగిళ్ళలో అటక మీద అలాంటిది ఒకటి ఉంటుంది. తాతను ఊపింది, తండ్రిని ఊపింది. మనవరాలు పుట్టగానే దించి, దులిపి, రంగు ఒక పూత వేస్తాం. పాతకాలపు చెక్క గట్టిదే, కాదనను. దాని మీది రంగు సంగతి వేరు.

పూర్వం తెల్లరంగులో సీసం కలిపేవారు. ఆ రంగు నాలుకకు కాస్త తియ్యగా ఉంటుంది. పళ్ళు వచ్చే పిల్లలు ఏది దొరికితే అది కొరుకుతారు కదా! ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904లోనే ఈ గుట్టు పట్టుకున్నాడు. పిల్లల ఒంట్లోకి సీసం వస్తున్నది వరండా కటకటాల రంగునుంచేనని రాశాడు. పదేళ్ళ తరువాత, 1914లో, అమెరికాలోని బాల్టిమోరు డాక్టర్లు థామస్, బ్లాక్‌ఫాన్ ఒక అయిదేళ్ళ బాలుడి మరణం గురించి ప్రకటించారు. వాడు తన మంచం ఊచల మీది తెల్లరంగును కొరికి తిన్నాడు. మెదడుకు సీసం విషం ఎక్కింది.

ఇంత తెలిసినా చట్టాలు నింపాదిగా నడిచాయి. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రం పిల్లల చేతికందే చోట సీసపు రంగు వాడరాదని 1922లో శాసించింది. అమెరికా ఇళ్ళ రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో. మన దేశంలో 2016లో నియమాలు వచ్చి, 2017 నవంబరునుంచి అమలయ్యాయి. పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదన్నారు. అంటే మన అటక మీది తొట్టెల రంగు ఏ నియమమూ లేనినాటిది కావచ్చు.

ఇక ఊచలు. వాటి మధ్య సందు వెడల్పయితే పసివాడి కాళ్ళు, నడుము జారిపోతాయి, తల ఇరుక్కుంటుంది. అందుకే అమెరికాలో 1973లో చేసిన నియమం సందు సుమారు 6 సెంటీమీటర్లకు మించరాదంది. ఒక పక్క కిందికి జారే మంచాలు 2000 తరువాతి పదేళ్ళలో అక్కడ కనీసం 32 మంది పసివాళ్ళను బలిగొన్నాయి. 2011 జూన్‌నుంచి వాటిని కొత్తగా చేయడమే కాదు, పాతవి అమ్మడమూ నిషేధమైంది.

కాబట్టి తొట్టెల దించాక ముందు స్కేలు తీసుకుని సందులు కొలవండి. పెచ్చులూడే పాత రంగును ఇంట్లో గరుకు కాగితంతో రుద్దకండి. ఆ పొడి నేలంతా పరుచుకుని, పాకే పిల్లల వేళ్ళకంటి నోట్లోకి పోతుంది.