మొగల్తూరు

పశ్చిమ గోదావరి జిల్లాలో మండల కేంద్రం. కలిదిండి వంశపు రాజుల సంస్థానానికి ఒకప్పటి రాజధాని. రాజధాని అన్నారు కదా అని గోల్కొండ లాంటి బురుజులను ఊహించుకుని వెళితే నిరాశే. డెల్టా రాజ్యాలకు బలం కొండా కోటా కాదు. వరిచేలు, కాలువలు, దగ్గర్లోని రేవులు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయినా, ఊళ్లో రాజుల మాట ఇంకా వినిపిస్తుంది.

ఇప్పుడు వచ్చేవాళ్లలో చాలామందికి ఇది సినిమావాళ్ల ఊరు. కృష్ణంరాజు (1940–2022), చిరంజీవి (జననం 1955) పుట్టింది ఇక్కడే.

రైలు మొగల్తూరు దాకా రాదు. సుమారు 10 కిలోమీటర్ల దూరంలోని నరసాపురంలో దిగి బస్సో ఆటోనో పట్టుకోవాలి. దక్షిణాన పేరుపాలెం సముద్రతీరం. కార్తీకమాసంలో వనభోజనాల జనంతో కిటకిటలాడుతుంది. అలల ఉధృతి ఎక్కువ, స్నానానికి లోపలికి పోకపోవడమే మంచిది. నరసాపురం రేవులో పంటు ఎక్కితే వశిష్ఠ గోదావరి అవతల సఖినేటిపల్లి. మోటారుసైకిళ్లు, గంపలు, మనుషులు ఒకే బల్లకట్టు మీద కిక్కిరిసి దాటుతారు. అక్కడి నుంచి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి వెళ్లవచ్చు.

ఇంకా పాత రాజధాని చూడాలంటే ఏలూరు దగ్గరి పెదవేగి ఉంది. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన వేంగి అదే. తవ్వకాల్లో బయటపడిన ఇటుక కట్టడాలు అక్కడ చూడవచ్చు.