కోడి, గంప, తానే మూసుకునే తలుపు

కోడి చరిత్రను మేము పిల్లలకు మాటతోనే మొదలుపెట్టి చెప్తాము. తెలుగులో కోడి, తమిళంలో కోళి, తుళులో కోరి, గోండిలో కొర్. అన్నీ ఒకే వేరు నుంచి మొలిచిన మాటలు. ఈ భాషలు విడిపోకముందే మన పెద్దలకు ఈ పక్షి తెలుసన్నమాట. అడవిలో చూశారా, ఇంట్లో సాకారా అన్నది మాత్రం మాట చెప్పదు.

ఇంటి కోళ్లన్నిటికీ మూలం ఎర్ర అడవికోడి ఒక్కటేనని డార్విన్ 1868లో రాశాడు. దాన్ని మొదట మచ్చిక చేసింది ఆగ్నేయాసియాలోనని 2020లో వచ్చిన జన్యు పరిశోధన చెప్పింది. అయితే అంతకుముందే, 2008లో, స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం పరిశోధకులు డార్విన్ మాటకు ఒక సవరణ పెట్టారు. పసుపు కాళ్ల గుణం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని తేల్చారు. ఆ కోడి భారతదేశంలో తప్ప మరెక్కడా సహజంగా బతకదు. ఆర్మూరులో పసుపు కొమ్ములు చూసి పెరిగిన పిల్లలు, పసుపు తింటేనే కాళ్లకు ఆ రంగు వస్తుందనుకుంటారు. కాదు. మొక్కజొన్నలో, ఆకుల్లో ఉండే రంగు ఈ కోళ్ల చర్మంలో విరిగిపోకుండా నిలిచిపోతుంది, అంతే. ప్రపంచమంతా ఫారాల్లో తిరిగే పసుపు కాళ్ల కోళ్లలో మన అడవి పాలు ఉంది. పాఠ్యపుస్తకంలో ఈ ముక్క ఎందుకు లేదో మాకు అర్థం కాదు.

అడవికోడి పొద్దుగూకగానే చెట్టెక్కుతుంది, చీకట్లో దానికి చూపు ఆనదు. ఇంటి కోడికీ అదే అలవాటు మిగిలింది. ఎవరూ తోలకుండానే గూటికి చేరుతుంది. మన ఆడవాళ్లు ఆ వేళ చూసి గంప కమ్మేవాళ్లు, తడిక అడ్డం పెట్టేవాళ్లు. ఒక్క పూట మరిచిపోతే అడవిపిల్లో కుక్కో పడేది. పిల్లల నోటుపుస్తకాలు, పండుగ ఖర్చు అన్నీ ఆ కోళ్ల మీదే. ఆర్మూరు పక్కనే ఉన్న అంకాపూర్ నాటుకోడి కూరకు ఎంత పేరుందో చెప్పనక్కరలేదు, కాబట్టి పోయిన కోడి విలువ తక్కువేమీ కాదు.

వెలుతురు పడితే సెలీనియంలో కరెంటు బాగా పారుతుందని 1873లో విల్లోబీ స్మిత్ ప్రకటించాడు. అదే సూత్రం మీద పనిచేసే చిన్న సెన్సార్ ఇప్పుడు పది, ఇరవై రూపాయలకు దొరుకుతుంది. దానికి ఒక రిలే, చిన్న గేర్ మోటారు, పాత బ్యాటరీ, పైకీ కిందికీ జారే రేకు ముక్క కలిపితే తలుపు తయారు. రేకు కొసకు చేరగానే మోటారు ఆగడానికి పైన ఒకటి, కింద ఒకటి స్విచ్చులు తప్పనిసరి. గడియారంతో నడిపేది మాకు నచ్చదు. ఇక్కడ జూన్ ఆఖరుకూ నవంబరు ఆఖరుకూ పొద్దుగూకే వేళలో గంటకు పైగా తేడా ఉంటుంది, మాటిమాటికీ మార్చాలి. సెన్సార్ మీద వీధి దీపం వెలుగు పడకూడదు, పడితే తలుపు రాత్రంతా తెరిచే ఉంటుంది. చీకటి పడ్డాక ఓ పావుగంట ఆగి మూసుకునేలా పెట్టాలి, ఎప్పుడూ ఒక పెట్ట ఆలస్యంగానే వస్తుంది.