కట్ట కట్టిన దీవులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాళ్లకు సముద్రం చూడాలంటే రాత్రంతా ప్రయాణం చేయాలి. అయినా దీవికి పోయొచ్చామని చెప్పేవాళ్లు ఈ జిల్లాల్లో ఊరూరా కనిపిస్తారు. వాళ్లు పోయింది లక్నవరానికి. హైదరాబాద్ నుంచి జనగామ, వరంగల్, ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు సాగే 163వ జాతీయ రహదారి మీద, గోవిందరావుపేట మండలం చల్వాయి దగ్గర పక్కకు మళ్లితే అడవిలో వస్తుంది ఆ చెరువు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఇది భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా విడిపోయాక అందులో చేరింది. సరిహద్దులు ఎటు జరిగినా జనగామ ఆదివారపు కుటుంబాలకూ, మహబూబాబాద్ కాలేజీ పిల్లలకూ, భూపాలపల్లి బొగ్గుగని కార్మికులకూ అందుబాటులో ఉన్న దీవులు ఇవే.

ఈ దీవులను మనుషులు కట్టారు. దీవి కోసమని ఎవరూ కట్టలేదు. పొలానికి నీళ్లు కావాలని కొండల నడుమ కట్ట పోస్తే, వెనక మునగకుండా మిగిలిన గుట్టల తలలే దీవులయ్యాయి. ఇక్కడికి వచ్చేవాళ్లకు ముందు తెలియాల్సింది ఇదేనని నా నమ్మకం. దీవి చరిత్ర చెప్పాలంటే చెరువు చరిత్ర చెప్పాలి. దానికి కాకతీయ రాజు గణపతిదేవుని కాలం దాకా వెనక్కి పోవాలి.

నిజానికి ఇంకా వెనక్కి పోవచ్చు. పాకాల చెరువు చుట్టుపక్కల సున్నపురాయి, ఇసుకరాయి పొరలు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉన్న కాలంలో అడుగున పేరుకున్న ఒండ్రు అలా రాయిగా మారింది. భారత భూవిజ్ఞాన సర్వే అధికారి విలియం కింగ్ ప్రాణహిత–గోదావరి లోయ మీద 1881లో వెలువరించిన గ్రంథం ఈ రాళ్లను వివరించింది. ప్రపంచమంతటా భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఈనాటికీ వీటిని పాకాల పేరుతోనే పిలుస్తారు. మన ఊరి చెరువు పేరు అంత దూరం పోయిందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం చిన్నది కాదు.

దీవులంటే లోకానికి ముందుగా గుర్తొచ్చేది గ్రీసు. అక్కడి ఏజియన్ సముద్రంలో సైక్లడీస్ అనే దీవుల గుంపు ఉంది. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరి సముద్ర మట్టం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందికి దిగినప్పుడు, వాటిలో చాలా భాగం కలిసి ఒకే పెద్ద భూభాగంగా ఉండేది. మంచు కరిగి నీరు ఎక్కుతూ పోయాక లోయలు మునిగి శిఖరాలు మిగిలాయి. లక్నవరంలో జరిగిందీ అదే. అక్కడ వేల ఏళ్లు పట్టిన పని ఇక్కడ కట్ట పూర్తయ్యాక కొద్ది వానకాలాల్లో అయిపోయి ఉంటుంది.

కాకతీయులకు సముద్రమూ, దీవులూ తెలియనివి కావు. 1199లో గద్దెనెక్కిన గణపతిదేవుడు తొలి దండయాత్రల్లోనే, 1201 ప్రాంతంలో, కృష్ణా ముఖద్వారంలోని దివి మీదికి పోయాడు. దివి ప్రభువు పినచోడిని ఓడించాడు. ఆ తర్వాత పగ పెంచుకోకుండా ఆయన కూతుళ్లు నారాంబ, పేరాంబలను పెళ్లాడి, కొడుకు జాయపను ఓరుగల్లుకు తెచ్చుకొని గజసేనకు అధిపతిని చేశాడు. ఆ జాయపే 1253–54లో ‘నృత్తరత్నావళి’ రాశాడు. రామప్ప గుడి మదనికల భంగిమలను ఆ గ్రంథంతో పోల్చి చూసిన పండితులు చాలామంది ఉన్నారు. జాయప చేబ్రోలు శాసనమూ, ఆ గుడి కట్టించిన రేచర్ల రుద్రుని పాలంపేట శాసనమూ రెండూ 1213 నాటివే. గుడి ముందు, గ్రంథం తర్వాత వచ్చాయి కాబట్టి ఆ శిల్పాలకు పుస్తకమే మూలమని చెప్పలేం. కానీ సముద్రపు దీవిలో పుట్టిన పిల్లవాడు, అడవిలో గుడులూ చెరువులూ లేస్తున్న కాలంలో ఓరుగల్లు కొలువులో ఎదిగాడన్నది చరిత్ర. దీవికీ ఓరుగల్లుకూ మొదటి బంధం అక్కడే పడింది.

సముద్రంతో ఓరుగల్లుకు రెండో బంధం మోటుపల్లి రేవులో కనిపిస్తుంది. గాలివానకు దారి తప్పి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి, ప్రాణాలకన్నా ధనమే విలువైనదనుకొని సముద్రం మీదికి పోయే వర్తకులకు న్యాయమైన సుంకం తప్ప మరేదీ ముట్టబోమని మాటిచ్చాడు. సుంకం ముప్పై వంతుల్లో ఒకటి. ఓడ మునిగితే ఎంత పోతుందో చూపే చోటు ఒకటి గ్రీసులో ఉంది: క్రీటు, కిథిరా దీవుల మధ్య ఆంటికిథిరా అనే 20 చదరపు కిలోమీటర్ల దీవి. 1900లో సముద్రపు స్పాంజి కోసం దిగిన గజ ఈతగాళ్లకు ఆ దీవి ఒడ్డున రెండు వేల ఏళ్ల కిందట మునిగిన ఓడ దొరికింది. అందులోంచి కంచు విగ్రహాలతో పాటు గ్రహగతులు లెక్కించే పళ్లచక్రాల యంత్రమూ బయటపడింది. ఓడ మునిగితే మనిషికి ఏమవుతుందో, సరుకు ఎవరిదవుతుందో ఆలోచించి రాతిమీద చెక్కించిన రాజు, సముద్రం కనపడని ఓరుగల్లు నుంచి ఏలాడు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆయన మీద నా గౌరవం పెరుగుతుంది.

అదే రాజు కాలంలో లోపలి నేలలో చెరువులు లేచాయి. పాలంపేట దగ్గర రేచర్ల రుద్రుని గుడి, దాని వెనక రామప్ప చెరువు. భూపాలపల్లి జిల్లా గణపురంలో గణపసముద్రం, దాని దగ్గర కోటగుళ్లు. పాకాల చెరువును జగదాళ ముమ్మడి కట్టించాడని అక్కడి శాసనం చెబుతుంది. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో గణపతిదేవుని చెల్లెలు మైలాంబ ధర్మకీర్తిసముద్రం తవ్వించి 1219 ప్రాంతంలో శాసనం వేయించింది. కాకతీయ వంశం వెన్నరాజుతో మొదలైందని, ఆయన కాకతి అనే ఊరి నుంచి ఏలాడని మనకు తెలిసింది ఆ చెరువు రాతి వల్లనే. ఒక రాజవంశం తన మూలాలు ఎక్కడివో ఒక ఆడబిడ్డ కట్టించిన చెరువు దగ్గర చెప్పుకోవడం మామూలు విషయం కాదు. మైలాంబ పేరు మన పాఠ్యపుస్తకాల్లో రుద్రమ పేరు పక్కన ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

లక్నవరమూ ఈ వరుసలోదే. కాకతీయుల నీటి పనివాళ్లకు చోటు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయేది. మూడు వైపులా గుట్టలున్న లోయను చూసుకొని, వాగు బయటికి పోయే ఇరుకు సందుల్లో మాత్రం కట్ట పోసేవారు. మట్టి కట్టకు నీళ్ల వైపు రాతి పరుపు, పొలాలకు నీరు వదలడానికి రాతి తూము, వరద ఎక్కువైతే తనంతట తాను దుంకడానికి మత్తడి. పొడుగు తక్కువ కట్టతో విస్తారమైన చెరువు తయారయ్యేది. ఇలా ఎంచుకున్న చోట లోయ మధ్యలో గుట్టలు మిగలడం సహజం. రామప్పలో, బయ్యారంలో కంటె లక్నవరంలో ఆ గుట్టలు ఎక్కువ, అందుకే దానికి ఈ రూపం వచ్చింది. చెరువు మరమ్మతు చూసుకునేవాళ్లకు దశబంధ మాన్యం పేరుతో భూమి ఇచ్చేవారు. నీళ్లు పారించే నీరటికాడికి పంటలో వాటా ఉండేది. ఆ ఏర్పాటు ఉన్నంత కాలం కట్ట నిలిచింది.

జనగామ వైపు కథ వేరు. అక్కడ నేల ఎత్తు, వాన తక్కువ, పెద్ద లోయలు లేవు. ఒకదాని మత్తడి ఇంకొకదానిలోకి దుంకే గొలుసుకట్టు చెరువులే అక్కడి ఆధారం. వాటిలో దీవులు తేలవు. ఈ తరంలో దేవాదుల ఎత్తిపోతల వచ్చి గోదావరి నీళ్లను స్టేషన్ ఘన్‌పూర్, బొమ్మకూరు వంటి రిజర్వాయర్లకు చేర్చింది.

1323లో ఓరుగల్లు పడిపోయాక పెద్ద చెరువుల చుట్టూ అడవి కమ్ముకుంది. ఊళ్లు తగ్గాయి, మెకాలు పెరిగాయి. చాలా కాలం తర్వాత, 1914లో ఏర్పడిన నిజాం పురావస్తు శాఖ పాలంపేటను పట్టించుకుంది. ఆ శాఖను నడిపిన గులాం యజ్దానీ పాలంపేట గుడుల మీద 1922లో వెలువరించిన పుస్తకంతో రామప్ప పేరు బయటి లోకానికి తెలిసింది. పాకాల, ఏటూరునాగారం అడవులు 1950ల తొలినాళ్లలో అభయారణ్యాలయ్యాయి.

అయినా మామూలు జనం విహారానికి వచ్చే చోట్లు కాలేదివి. 1946 జూలై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక రగిలిన సాయుధ పోరాటం, 1948 పోలీసు చర్య తర్వాత గోదావరి అడవుల్లోకి జరిగింది. మళ్లీ నక్సలైట్ ఉద్యమ దశాబ్దాల్లో ఏటూరునాగారం, తాడ్వాయి దారి పొద్దుగూకితే నిర్మానుష్యమయ్యేది. ఇక్కడ సాయుధ పోరాటం సాగిన 1940ల చివరే గ్రీసులోనూ అంతర్యుద్ధం. అక్కడి ప్రభుత్వం వామపక్షీయులను మక్రోనిసోస్, యారోస్ వంటి ఎండు దీవులకు తోలింది. కవి యానిస్ రిట్సోస్ ఏళ్ల తరబడి అలాంటి దీవుల్లోనే బందీగా ఉన్నాడు. సందర్శకులు నేడు ఫొటోలు దిగే చోట్లకు ఇటువంటి గతం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

మనవాళ్లకు పడవెక్కి దీవికి పోవడం అలవాటు చేసింది నాగార్జునకొండ. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. మునిగిపోయే ఇక్ష్వాకుల రాజధానిని 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీద మళ్లీ నిలబెట్టారు. నీరు నిండాక ఆ కొండ దీవి అయింది. అక్కడ దొరికిన ఒక స్తంభం మీద పానపాత్ర పట్టుకున్న గడ్డపు మనిషి శిల్పాన్ని పండితులు గ్రీకుల మధుదేవత డయోనిసస్‌గా గుర్తించారు. బడి విహారయాత్రల్లో లాంచి ఎక్కిన లక్షల మంది తెలుగు పిల్లలకు తొలి దీవి అదే. మునిగిన లోయ, మిగిలిన శిఖరం: లక్నవరంలో జరిగిన కథే అక్కడ పెద్దయెత్తున జరిగింది.

తెలంగాణ పల్లెల్లో కార్లు పెరిగి, అడవి దారుల భయం తగ్గాక లక్నవరం వంతు వచ్చింది. ఒడ్డు నుంచి దీవికి వేలాడే వంతెన, హరిత కాటేజీలు, పడవలు వచ్చాయి. ఇంకో దీవికి ఇంకో వంతెన పడింది. 2021 జూలై 25న రామప్పకు యునెస్కో గుర్తింపు రావడంతో గుడి చూసినవాళ్లు ఇటూ మళ్లారు. మేడారం జాతరకు పోయేవాళ్లు వచ్చేటప్పుడు ఆగుతున్నారు. 2024లో మూడో దీవి మీద ఖరీదైన విడిది తెరిచారు. పర్యాటక ప్రచారాల్లో ఇక్కడివి 13 దీవులు. ఆ అంకె నీటి మట్టాన్ని బట్టి మారుతుందని ఒకసారి వానకాలంలో, ఒకసారి ఎండల్లో వెళ్లినవాళ్లు ఇట్టే చెబుతారు.

అసలు చిక్కు ఆ మట్టం దగ్గరే. ఏటా యాసంగికి ముందు అధికారులు, రైతులు కూర్చొని చెరువులో ఉన్న నీటిని బట్టి ఎంత ఆయకట్టుకు ఇవ్వాలో తేలుస్తారు. దాన్నే ఇక్కడ తైబందీ అంటారు. తైబందీ ప్రకారం తూములు ఎత్తితే మార్చి, ఏప్రిల్ నాటికి చెరువు దిగుతుంది. దీవుల చుట్టూ బురద అంచు తేలుతుంది, చిన్నవి ఒడ్డుతో కలిసిపోతాయి. వేసవి సెలవుల్లో వచ్చే సందర్శకుడికీ, గదులు అద్దెకిచ్చేవాళ్లకూ అది నచ్చదు. నిండు చెరువు మీదే వాళ్ల వ్యాపారం. 2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయలో సుమారు 46 వేల చెరువుల పూడిక తీస్తామన్నప్పుడు ఆ పథకం మాట్లాడింది ఆయకట్టు గురించే. విడిది గదుల సంఖ్య పెరిగే కొద్దీ ఆ మాట వెనక్కి పోతుందేమోనన్నది నా ఆందోళన.

నీటిని తక్కువగా అంచనా వేస్తే ఏమవుతుందో ఈ ప్రాంతం ఈమధ్యే చూసింది. 2023 జూలై 27న భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరంతా మునిగింది. జనం మిద్దెలు, చెట్లు ఎక్కారు. హెలికాప్టర్లతో, పడవలతో వాళ్లను దించాల్సి వచ్చింది. దీవి కట్టడాలకు అనుమతులిచ్చేవాళ్లు ఆ రోజును లెక్కలోకి తీసుకోవాలి. మత్తడి దారికి ఏదీ అడ్డం రాకూడదు, చెరువు నీరు పరుచుకునే శిఖం భూమిలో పక్కా గోడ లేవకూడదు.

లక్నవరం వెళ్లదలచినవాళ్లకు నా సలహా, వానలు తగ్గిన అక్టోబర్, నవంబర్ నెలల్లో వెళ్లండి. వంతెన దాటే ముందు కట్ట మీద కాసేపు నడవండి, తూము ఎక్కడుందో అడిగి చూడండి, కాలువ వెంట కొంత దూరం పోయి వరి పొలాలు చూడండి. తైబందీలో పొలానికీ పడవకూ పోటీ వచ్చిన ఏడాది నీళ్లు పొలానికే పోవాలి. చివరి ఆయకట్టు మడి తడవడం కోసం ఏప్రిల్‌లో రెండు దీవులు ఒడ్డున కలిసిపోయినా పరవాలేదు.